లెక్కకు రాని తాబేళ్ళు

ఏటా మార్చి నెల వచ్చేసరికి మన దినపత్రికలలో ఒక వార్త తప్పక కనిపిస్తుంది. ఫలానా తీరంలో స్వచ్ఛంద సేవకులు ఇన్ని వేల తాబేలు పిల్లలను సముద్రంలోకి విడిచిపెట్టారు. కార్యక్రమానికి పెద్దలు విచ్చేశారు. పాఠశాల విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. వార్త పక్కన ఒక బొమ్మ ఉంటుంది. తడి ఇసుకమీద అరచేతిలో ఇమిడేటంత నల్లని పిల్లలు అలలవైపు బారులు తీరి పోతుంటవి. చూసినవారికి సంతోషం కలుగుతుంది. ఒక అపురూప జీవిని కాపాడటంలో మన పల్లె యువకులు కూడా చేయి వేశారన్న తృప్తి మిగులుతుంది.

ఈ సంతోషాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని విజ్ఞానశాస్త్రం చదివేవారు, చదువు చెప్పేవారు ఏ సంఖ్యను చూసినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ సంఖ్య దేనిని కొలుస్తున్నది? మనం తెలుసుకోగోరినది దానినేనా? జ్వరం వచ్చిన రోగికి ఎన్ని మాత్రలు ఇచ్చామన్నది ఒక లెక్క. జ్వరం తగ్గిందా లేదా అన్నది మరొక లెక్క. మొదటిదానిని రెండవదానిగా చెల్లించుకోవడం వైద్యంలో ఎంత ప్రమాదమో, వన్యప్రాణి సంరక్షణలోనూ అంతే ప్రమాదం. "విడిచిన పిల్లల సంఖ్య"ను ఈ దృష్టితో ఒకసారి పరీక్షించి చూద్దాం.

జీవి, దాని జీవితం

మన తూర్పుతీరంలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళలో మిక్కిలి ఎక్కువగా కనిపించేది ఆలివ్ రిడ్లే జాతి. పెద్ద తాబేలు డిప్ప పొడవు 60 నుండి 70 సెంటీమీటర్లు. బరువు 35 నుండి 45 కిలోలు. శ్రీకాకుళం మొదలుకొని నెల్లూరు వరకు దాదాపు వేయి కిలోమీటర్ల ఆంధ్రతీరంలో ఇవి అక్కడక్కడ విడివిడిగా ఒడ్డుకు వస్తవి. కాకినాడ ఎదుట ఉన్న హోప్ దీవి, గోదావరి ముఖద్వారాల ఇసుక దిబ్బలు వీటికి పేరుపొందిన చోట్లు. ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య నదీముఖాల వద్ద మాత్రం కొన్ని రోజుల వ్యవధిలోనే లక్షల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కుతవి. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య వద్ద దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టినట్లు అధికారులు లెక్క చెప్పారు.

లక్షలు ఉన్న జీవిని అపురూపమనడం ఎట్లా అని విద్యార్థులు అడగవచ్చును. ప్రశ్న సరైనదే. ప్రకృతి సంరక్షణకు చెందిన అంతర్జాతీయ సంస్థ 2008 నుండి ఈ జాతిని ముప్పునకు లోనయ్యే జాతిగా వర్గీకరించింది. లక్షల తాబేళ్ళు కొద్దిపాటి తీరంలోనే చేరడం వలన, ఆ చోట జరిగే అనర్థం జాతి మొత్తానికి తగులుతుంది. మెక్సికో పసిఫిక్ తీరంలో ఇటువంటి సామూహిక స్థలాలు అనేకం ఉండేవి. 1960, 1970 దశకాలలో చర్మం కోసం పెద్ద తాబేళ్ళను విపరీతంగా చంపిన కారణంగా వాటిలో కొన్ని ఒక్క తరంలోనే అడుగంటిపోయినవి. సంఖ్య పెద్దది కావడం వేరు, భద్రంగా ఉండటం వేరు.

ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక తెడ్డుకాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తవ్వి, సుమారు 100 నుండి 120 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి సముద్రంలోకి పోతుంది. మళ్ళీ ఆ గుడ్ల వంక చూడదు. ఇసుక వేడికే పొదుగు జరిగి 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటికి వస్తవి. వాటిని తినటానికి ఒడ్డున పీతలు, కాకులు, కుక్కలు, నక్కలు. నీటిలో చేపలు సిద్ధంగా ఉంటవి. బతికినవి పెద్దవై గుడ్లు పెట్టటానికి పది పదిహేను సంవత్సరాలు పడుతుంది. ఈ జీవి తంత్రం ఇది: పిల్లలలో అత్యధిక భాగం చనిపోతవి, కాని ఒకసారి పెద్దదయిన తాబేలు చాలాకాలం బతికి, ఏటేటా గుడ్లు పెట్టి ఆ నష్టాన్ని పూడ్చుతుంది. ఈ వాక్యంలోని రెండవ సగాన్ని మరచిపోవడంవల్లనే మన సంరక్షణ ఆలోచన తప్పుదారి పడుతున్నది.

సేవకులు వచ్చిన వైనం

మన దేశంలో ఈ పనికి అంకురం పడినది మద్రాసు తీరంలో. 1970 దశకపు తొలినాళ్ళలో మద్రాసు పాముల పార్కును నెలకొల్పిన రోములస్ విటేకర్, ఆయన మిత్రులు రాత్రిళ్ళు తీరం వెంట నడిచి, దొంగల పాలు, కుక్కల పాలు కానున్న గుడ్లను ఏరి, కంచె వేసిన చోట పాతిపెట్టడం ప్రారంభించారు. ఈ కంచెనే హేచరీ అంటున్నాము. వారితో కలిసి పనిచేసిన సతీశ్ భాస్కర్ ఆ తరువాతి కాలంలో భారత తీరరేఖ వెంట వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి, ఏ తీరంలో ఏ జాతి తాబేలు గుడ్లు పెడుతున్నదో నమోదు చేశారు. 1988లో చెన్నై విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడి ఆ రాత్రి నడకలను తమ చేతిలోకి తీసుకున్నారు. వారి పని ఇప్పటికీ సాగుతున్నది. 2002లో ఏర్పడిన ట్రీ ఫౌండేషన్ వంటి సంస్థలు మత్స్యకార పల్లెల యువకులనే కాపలాదారులుగా తీసుకొని తమిళనాడులోను, ఆంధ్రలోను పనిచేస్తున్నవి. మన అటవీశాఖ కూడా అనేకచోట్ల పల్లె యువకుల సహాయంతోనే హేచరీలు నడుపుతున్నది.

జీతం లేకుండా, లేదా నామమాత్రపు భృతితో, చలిలో తెల్లవార్లూ ఇసుకలో నడవడం మాటలు కాదు. ఈ శ్రమను తక్కువ చేయదలచినవారు ఒక్క రాత్రి నడచి చూడవచ్చును. అయితే శ్రమ గొప్పదైనంత మాత్రాన దాని ఫలితం కూడా గొప్పదేనని చెప్పటానికి వీలులేదు. ఫలితాన్ని విడిగా కొలవాలి.

చిన్న గణితం

ఒక సేవకుల బృందం ఒక ఋతువులో 100 గూళ్ళను కాపాడినదనుకుందాం. గూటికి 110 గుడ్ల చొప్పున 11,000 గుడ్లు. నూటికి 80 పొదిగితే 8,800 పిల్లలు. పత్రికలో వచ్చేది ఈ సంఖ్యే.

వీటిలో పెద్దవయ్యేవి ఎన్ని? "వెయ్యికి ఒకటి" అని అందరూ అంటారు. ఇది కచ్చితంగా కొలిచిన సంఖ్య కాదు, ఉజ్జాయింపు అంచనా మాత్రమే. ఇంకా తక్కువే ఉండవచ్చునని చెప్పే శాస్త్రజ్ఞులు ఉన్నారు. ప్రస్తుతానికి దానినే తీసుకుందాం. 8,800 పిల్లలలో పది పదిహేనేళ్ళ తరువాత మిగిలేవి సుమారు 9. అందులో సగం ఆడవనుకుంటే, 4 లేక 5 ఆడ తాబేళ్ళు. ఒక బృందం ఋతువంతా పడిన శ్రమకు జమ ఇది.

ఇక ఖర్చు పక్క చూద్దాం. చేపలవేట మరపడవల వెనుక లాగే ట్రాలు వలలో పెద్ద తాబేలు చిక్కుకుంటుంది. తాబేలు చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. వల నీటి అడుగున ఉన్నంతసేపు అది పైకి రాలేదు. లాగే కాలం గంట దాటిన కొద్దీ మరణాలు వేగంగా పెరుగుతవి. ఊపిరాడక చనిపోయిన తాబేళ్ళలో కొన్ని అలలకు కొట్టుకొని ఒడ్డుకు వస్తవి. తక్కినవి సముద్రంలోనే కలిసిపోతవి. కనుక ఒడ్డున కనిపించే కళేబరాలు అసలు మరణాలలో ఒక భాగం మాత్రమే. ఒక తీరంలో ఒక్క వారంలో అయిదు ఆడ తాబేళ్ళ కళేబరాలు కనబడితే, పైన చెప్పిన 100 గూళ్ళ జమ అంతా అక్కడికి చెల్లు. పైగా పోయినవి ఆనాటికే గుడ్లు పెడుతున్న తాబేళ్ళు. వచ్చేవి పదిహేనేళ్ళకు గాని రానివి.

ఒడిశా తీరంలో 1990 దశకం చివరి సంవత్సరాలలో ఏటా పదివేలకు మించి తాబేళ్ళు చనిపోయి ఒడ్డుకు చేరినవి. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాలలో వందలకొద్దీ కళేబరాలు కొట్టుకొచ్చినవి. మన గణితాన్ని వీటికి అన్వయించి చూడవలసిన పని విద్యార్థులకే వదలుతున్నాను. చిల్లుకుండలో నీరు పోసేవాడు కడవలు లెక్కపెట్టుకుంటే చాలదు; చిల్లు ఎంతదో కూడా చూడాలి.

ఈ గణితంలో మరొక లోపాన్ని కూడా గమనించాలి. హేచరీలో పొదిగిన 8,800 పిల్లలూ హేచరీవల్లనే పుట్టినవని మనం అనుకున్నాము. గుడ్లను ఉన్నచోటనే వదిలి ఉంటే కొన్ని గూళ్ళైనా బతికేవి కదా. ఆ భాగాన్ని తీసివేసిన తరువాతనే సేవకుల అసలు జమ తేలుతుంది. కుక్కలు, మనుషులు దాదాపు ప్రతి గూటినీ తవ్వే తీరంలో ఈ తీసివేత స్వల్పం. జనసంచారం లేని దీవిలో అది చాలా పెద్దది. రెండు చోట్లా ఒకే సంఖ్యను ఒకే విధంగా పొగడటం శాస్త్రీయం కాదు.

శాస్త్రజ్ఞుల విమర్శ

ఈ సందేహం కొత్తది కాదు. 1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు లాగర్‌హెడ్ అనే మరొక సముద్రపు తాబేలు జాతిపై ఒక గణిత నమూనా ప్రకటించారు. తాబేలు జీవితాన్ని గుడ్డు, పిల్ల, కౌమారం, ప్రౌఢ దశలుగా విభజించి, ఏ దశలో మరణాలు తగ్గిస్తే జాతి సంఖ్య ఎంత పెరుగుతుందో లెక్కించారు. ఫలితం చాలామందిని ఆశ్చర్యపరచింది. ఒక్క గుడ్డు కూడా పోకుండా నూటికి నూరు కాపాడినా ఆ జాతి క్షీణించడం ఆగదు. ఎదిగే దశలో ఉన్న తాబేళ్ళ, పెద్ద తాబేళ్ళ మరణాలను కొంత తగ్గించినా క్షీణత ఆగి సంఖ్య పెరుగుతుంది. రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. పొలంలో రాలిన గింజలను ఏరుకోవడం మంచిదే. కాని ఇంట్లో విత్తనాల పాతర ఎలుకల పాలవుతుంటే ముందు పాతర సంగతి చూసుకుంటాడు.

1992లో నాట్ ఫ్రేజర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విమర్శను మరింత సూటిగా చేశారు. లూయిస్ థామస్ అనే వైద్యుడు వైద్యరంగంలో వాడిన "సగందారి సాంకేతికత" అనే మాటను ఆయన అరువు తెచ్చుకున్నారు. పోలియో సోకి ఊపిరి ఆడని రోగిని పెద్ద యంత్రంలో ఉంచి గాలి ఆడించడం సగందారి చికిత్స. ఆ రోగం రాకుండా టీకా వేయడం పూర్తి చికిత్స. మొదటిది రోగ లక్షణాన్ని సవరిస్తుంది. రెండవది కారణాన్ని తొలగిస్తుంది. సముద్రంలో తాబేళ్ళు చనిపోవటానికి కారణాలను అట్లాగే ఉంచి, ఒడ్డున మరిన్ని పిల్లలను తయారుచేసి అదే సముద్రంలోకి పంపడం సగందారి పనేనని ఫ్రేజర్ వాదన.

ఈ వాదన సరైనదా కాదా అన్నది అనుభవంతో పరీక్షించవచ్చును. ఆలివ్ రిడ్లేకు సోదర జాతి అయిన కెంప్స్ రిడ్లే మెక్సికో ఉత్తరతీరంలో గుడ్లు పెడుతుంది. 1947లో తీసిన ఒక చలనచిత్రాన్నిబట్టి ఒక్క రోజున 40,000 వరకు ఆడ తాబేళ్ళు ఒడ్డెక్కి ఉండవచ్చునని తరువాత అంచనా కట్టారు. 1966 నుండి మెక్సికో ప్రభుత్వం ఆ తీరంలో కాపలా పెట్టి గుడ్లను కాపాడింది. అయినా 1985 నాటికి గూళ్ళ సంఖ్య 702కు పడిపోయింది. పిల్లలను ఏడాదిపాటు తొట్లలో పెంచి విడిచే కార్యక్రమాన్ని కూడా 1978 నుండి 1992 వరకు నడిపారు. రొయ్యల వలలకు తాబేలు తప్పించుకొనే ఏర్పాటు తప్పనిసరి అయిన తరువాతనే గూళ్ళు చెప్పుకోదగినంతగా పెరిగి, 2009 నాటికి 20,000 దాటినవి. ఆ తరువాత పెరుగుదల నిలకడగా సాగలేదు.

రెండవ ఉదాహరణ మెక్సికో పసిఫిక్ తీరంలోని ఎస్కోబియా. అక్కడ ఉన్నది మన ఆలివ్ రిడ్లేయే. 1990లో తాబేళ్ళను చంపడాన్ని మెక్సికో పూర్తిగా నిషేధించింది. 1988లో 50,000 ఉన్న గూళ్ళు 1994కు 7 లక్షలయి, 2000 నాటికి 10 లక్షలు దాటినవి. పెద్దవాటిని చంపడం ఆపగానే వచ్చిన ఫలితం ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ఉదాహరణలనుబట్టి గుడ్ల సంరక్షణ వృథా అని తేల్చరాదు. కెంప్స్ రిడ్లే తీరంలో ఇరవైయేళ్ళపాటు గుడ్లను కాపాడి ఉండకపోతే, వలల సంస్కరణ వచ్చేనాటికి కాపాడటానికి ఏమీ మిగిలేది కాదేమో. గుడ్ల కాపలా నిప్పును ఆరిపోకుండా నిలిపింది. వలల సంస్కరణ దానిని రాజేసింది. ఒకటి రెండవదానికి బదులు కాదు. ఫ్రేజర్ విమర్శను అవసరానికి మించి సాగదీసి, సేవకుల పనినే తీసిపారేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

హేచరీలోనే పొరపాట్లు

పని సగందారిదే అయినా, ఆ సగమైనా సరిగా జరగాలి కదా. పొరపాట్లు నాలుగుచోట్ల జరిగే వీలున్నది.

మొదటిది, గుడ్లను తరలించే సమయం. పెట్టిన రెండు మూడు గంటలలోగా వాటిని జాగ్రత్తగా కదిలించవచ్చును. ఆ తరువాత లోపలి పిండం పెంకు పైభాగపు పొరకు అంటుకుంటుంది. అప్పుడు గుడ్డును తిప్పినా, కుదిపినా పిండం చనిపోతుంది. తెల్లవారిన తరువాత తీరుబడిగా ఏరి, గోనెలోనో బకెట్టులోనో కుదుపుకుంటూ తెచ్చిన గుడ్లు సరిగా పొదగకపోతే, దోషం ఇసుకది కాదు.

రెండవది, ఉష్ణోగ్రత. సముద్రపు తాబేళ్ళలో పిల్ల ఆడదా, మగదా అన్నది క్రోమోజోములు నిర్ణయించవు. పొదిగే కాలం నడుమ ఇసుక వేడి నిర్ణయిస్తుంది. సుమారు 29 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండూ సమంగా పుడతవి. అంతకంటె వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ. ఈ సంగతి తెలియని రోజులలో కొన్ని దేశాలలో గుడ్లను నురుగు ప్లాస్టిక్ పెట్టెలలో పొదిగించారు. గూటికంటె ఆ పెట్టెలు చల్లగా ఉన్నందున మగ పిల్లలు అధికంగా పుట్టే పరిస్థితి ఏర్పడినదని మ్రోసోవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు చూపారు. సముద్రపు తాబేళ్ళ సంరక్షణపై 1983లో ఆయన వ్రాసిన పుస్తకం ఇటువంటి విమర్శలకు పెట్టినది పేరు. సంఖ్య ఘనంగా ఉండి, అందులో ఆడవి లేకపోతే ప్రయోజనమేమి? నేడు భూతాపం పెరుగుతున్నకొద్దీ సమస్య తలక్రిందులయింది. ఆస్ట్రేలియా ఉత్తర పగడపు దిబ్బల ప్రాంతంలో పుట్టిన లేత వయసు పచ్చ తాబేళ్ళలో నూటికి 99 ఆడవేనని 2018లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. కనుక హేచరీపై నీడ వేయాలా వద్దా అన్నది ఊహతో తేల్చేది కాదు. ఇసుకలో గూటి లోతున ఉష్ణమాపకం ఉంచి, రోజూ చూసి తేల్చాలి.

మూడవది, పిల్లలను నిలిపి ఉంచడం. ఇసుకలోనుండి పైకి వచ్చిన పిల్లకు ఒక రోజు పాటు విపరీతమైన ఈత ఆవేశం ఉంటుంది. కడుపులో మిగిలిన పచ్చసొనే ఆ ఈతకు ఇంధనం. శత్రువులు మిక్కుటంగా ఉండే ఒడ్డు నీటిని ఆ ఊపులోనే దాటిపోవాలి. నేను చూసిన ఒక కార్యక్రమంలో అర్ధరాత్రి వెలువడిన పిల్లలను తొట్టిలో ఉంచి, అతిథులు వచ్చేవరకు ఆగి, ఎండ ఎక్కిన తరువాత విడిచారు. అప్పటికి చాలా పిల్లలు తొట్టి గోడలను తెడ్లతో కొట్టి కొట్టి సొలసిపోయి ఉన్నవి. ఛాయాచిత్రాలు మాత్రం చక్కగా వచ్చినవి. ఆ రోజు సంఖ్యలో ఆ పిల్లలూ చేరే ఉంటవి.

నాలుగవది, విడిచే చోటు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు విడిస్తే అక్కడికి చేపలు, పక్షులు అలవాటు పడతవి. మనం తాబేళ్ళను విడుస్తున్నామో, చేపలకు మేత వేస్తున్నామో చెప్పడం కష్టమవుతుంది. చోటు, వేళ మారుస్తూ, చీకటిలో, గూటినుండి వచ్చిన వెంటనే, పిల్లలు ఇసుకమీద తమంతట తాము నడిచిపోయేటట్లు విడవాలి.

ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా "విడిచిన పిల్లల సంఖ్య"లో కనిపించదు. మంచి హేచరీ, చెడ్డ హేచరీ ఒకే అంకె చూపగలవు. ఒక కొలబద్దకు ఇంతకంటె పెద్ద దోషం ఉండదు.

వల, చట్టం, మత్స్యకారుడు

సముద్రంలోని మరణాల మాట ఎత్తగానే వేలు మత్స్యకారుని వైపు చూపడం మనకు అలవాటు. ఇందులో న్యాయం సగమే. తెప్పలపైన, నాటుపడవలపైన వేటాడే సంప్రదాయ మత్స్యకారుడు వేరు. ట్రాలు వల లాగే పెద్ద మరపడవ యజమాని వేరు. తీరానికి దగ్గరి జలాలను సంప్రదాయ పడవలకు విడిచి, ట్రాలర్లు దూరంగా ఉండాలని రాష్ట్రాల చట్టాలు చెబుతున్నవి. తాబేళ్ళు జతకూడి, గుడ్లకోసం వేచి ఉండేది ఆ దగ్గరి జలాలలోనే. అంటే ఆ చట్టం అమలయితే చిన్న మత్స్యకారునికీ, తాబేలుకూ ఒకేసారి మేలు. శ్రీకూర్మం ఉన్న తీరం మనది. వలలో పడిన తాబేలుకు దండం పెట్టి విడిచిపెట్టే మత్స్యకారులు మన పల్లెలలో ఉన్నారు. వారిని నిందితులుగా కాక సాక్షులుగా పిలవడం మంచిది.

వేట నిషేధాన్ని కూడా ఈ దృష్టితో చూడాలి. 2015 నుండి తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషిద్ధం. అది చేపల సంతానోత్పత్తి కోసం ఏర్పడిన విరామం. మన తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుండి ఏప్రిల్ వరకు. అనగా తాబేళ్ళ ఋతువు ముగిసే వేళకు నిషేధం మొదలవుతున్నది. వేట నిషేధం ఉన్నది కనుక తాబేళ్ళు భద్రమే అని పాఠాలలో చెప్పేవారు ఈ రెండు తేదీలను పక్కపక్కన వ్రాసి చూడాలి. ఒడిశాలో మాత్రం ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల వద్ద తీరం నుండి 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుండి మే 31 వరకు వేటను ఆపుతున్నారు. ఇది తాబేళ్ళ కాలానికి సరిపోయే నిషేధం. చిక్కు ఏమంటే, ఏడు నెలలు వేట లేని పేద మత్స్యకారుని ఇల్లు ఎట్లా గడవాలన్న ప్రశ్న అందులోనే ఉన్నది.

వలకు తాబేలు తప్పించుకొనే ద్వారం అమర్చడం మూడవ మార్గం. వల గొంతులో ఏటవాలుగా ఒక ఊచల చట్రం ఉంటుంది. రొయ్యలు, చేపలు ఊచల సందులోనుండి సంచిలోకి పోతవి; తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. మన వలలకు తగిన నమూనాను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది. దీనివలన పట్టుబడిలో కొంత పోతుందని పడవల యజమానులు వెనుకాడుతారు. అమెరికా ప్రభుత్వం 1989 నాటి తన చట్టాన్ని అనుసరించి, 2019లో భారతదేశపు సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. చెరువులలో పెంచిన రొయ్యలకు ఈ నిషేధం వర్తించదు. అందుచేత మన రాష్ట్రంలో దాని వేడి పెద్దగా తగలలేదు. ఈ నష్టాన్ని కూడా చూస్తే ద్వారం అమర్చుకోవడం అంత ఖరీదైన పని కాదని తోస్తుంది.

సేవకుల అసలు విలువ

అయితే ఒడ్డున నడిచే సేవకుడు సముద్రంలోని వలను ఏం చేయగలడు? ఇక్కడనే అతని అసలు విలువ ఉన్నది. వేయి కిలోమీటర్ల తీరంలో తెల్లవారుజామున ప్రతిరోజూ కన్ను వేసి ఉంచగలిగినంత సిబ్బంది ఏ ప్రభుత్వ శాఖకూ లేదు. సేవకునికి ఆ అవకాశం ఉన్నది. ఏ రాత్రి ఏ చోట ఎన్ని గూళ్ళు, ఏ వారంలో ఎన్ని కళేబరాలు, ఆ వారం తీరానికి ఎంత దగ్గరగా ఎన్ని ట్రాలర్లు కనిపించినవి - ఈ మూడు విషయాలు సంవత్సరాల తరబడి ఒకే పద్ధతిలో నమోదయితే, అది ఏ శాస్త్రజ్ఞుడూ ఒంటరిగా సంపాదించలేని సామగ్రి. గూళ్ళ సంఖ్య ఏటేటా విపరీతంగా మారుతుంది. రుషికుల్యలో కొన్ని సంవత్సరాలు సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగదు. ఒక ఏడాది అంకెనుబట్టి జాతి పెరిగిందనీ, తరిగిందనీ చెప్పలేము. పదేళ్ళ, ఇరవైయేళ్ళ వరుస కావాలి. ఆ వరుసను నిలబెట్టగలిగేది ఆ ఊరివారే.

గంజాం జిల్లాలోని రుషికుల్య తీరం ఇందుకు మంచి నిదర్శనం. అక్కడి సామూహిక స్థలం సంగతి 1994లో శాస్త్రలోకానికి తెలిసింది. ఆ తీరపు మత్స్యకారులలో తెలుగు మాట్లాడే నోలియాలు ఎందరో ఉన్నారు. పురుణబంధ, గోఖరకుద వంటి పల్లెల యువకులు సంఘంగా ఏర్పడి కాపలా కాస్తున్నారు. లక్షల గూళ్ళను హేచరీకి తరలించడం అసాధ్యం. కనుక వారు గూళ్ళను ఉన్నచోటనే కాపాడుతారు. ఊరి దీపాల వెలుగుకు దారి తప్పి లోపలికి పాకే పిల్లలకు అడ్డుగా వలలు కట్టి, పట్టి, సముద్రం వైపు విడుస్తారు. పరిశోధకులకు లెక్కలలో తోడ్పడుతారు. గుడ్లను కదిలించకుండానే తీరాన్ని కాపాడవచ్చునని వారు చూపించారు. దీపాలు, కుక్కలు, జనం కిక్కిరిసిన చెన్నైవంటి నగరతీరంలో ఇది సాధ్యం కాదు. అక్కడ హేచరీయే గతి. ఏ తీరానికి ఏది తగునో తేల్చిన తరువాతనే కంచె కట్టాలి. అన్నిచోట్లా ముందు కంచె కట్టి, తరువాత ఆలోచించడం సరికాదు.

పాఠశాలలు చేయగలిగినది

తీరప్రాంత ఉన్నత పాఠశాలలకు ఇందులో చక్కని పని ఉన్నది. ముందుగా ఒక హెచ్చరిక: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో సముద్రపు తాబేళ్ళు ఉన్నవి. అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్లనుగాని, తాబేళ్ళనుగాని ముట్టరాదు. చూడటానికి, లెక్కపెట్టటానికి మాత్రం అడ్డు లేదు. ఉపాధ్యాయుడు వెంట ఉండి, ఎంచుకున్న ఒకటి రెండు కిలోమీటర్ల తీరాన్ని వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళకు నడిచి చూస్తే చాలు. గూటికి వచ్చిపోయిన జాడలు ఎన్ని? కళేబరాలు ఎన్ని? తోక డిప్ప దాటి పొడవుగా సాగి ఉంటే అది మగ తాబేలు. పొట్టిగా ఉంటే ఆడది, లేదా ఇంకా ఎదగనిది. లెక్కించిన కళేబరానికి మళ్ళీ లెక్కించకుండా రంగు గుర్తు పెట్టే పనిని అటవీ సిబ్బందికి అప్పగించాలి. తీరంలో రాత్రి వెలిగే దీపాలు ఎన్ని? సరుగుడు తోట ఎన్ని అడుగుల దూరంలో ఉన్నది? ఈ వివరాలన్నీ ఒక పుస్తకంలో తేదీలతో వ్రాసి, ఏడాది చివర పటం గీయాలి. ఈ పుస్తకం తరగతులు మారినా పాఠశాలలోనే ఉండాలి.

పిల్లలను విడిచే ఉత్సవానికి విద్యార్థులను తీసుకుపోవద్దని నేను అనను. చిన్ననాట ఒక తాబేలు పిల్ల అలలోకి పోవడం చూసినవారు ఆ దృశ్యాన్ని మరువరు. ఆ జ్ఞాపకం మంచి పౌరులను చేస్తుంది. అయితే తిరిగి వచ్చేటప్పుడు ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయాలి: ఈ ఏడాది ఈ తీరంలో పెద్ద తాబేళ్ళు ఎన్ని చనిపోయినవి? జవాబు ఎవరికీ తెలియకపోతే, ఆ తీరంలో సంరక్షణ పని ఇంకా సగమే మొదలయినదని అర్థం.

పత్రికలు వ్రాసే వార్త కూడా కొంచెం మారవలసి ఉన్నది. ఈ ఋతువులో ఈ తీరాన ఇన్ని గూళ్ళు కనబడినవి. ఇన్నింటిని ఉన్నచోటనే కాపాడారు, ఇన్నింటిని ఇన్ని గంటలలోగా తరలించారు. నూటికి ఇన్ని పొదిగినవి. ఇసుక సగటు వేడి ఇంత. పెద్ద తాబేళ్ళు ఇన్ని చనిపోయి ఒడ్డుకు వచ్చినవి, నిరుటికంటె ఇన్ని ఎక్కువ లేదా తక్కువ. ఇందులో చివరి అంకె ఏటేటా తగ్గుతూ వస్తే, రాత్రిళ్ళు ఇసుకలో నడిచిన మన సేవకుల శ్రమ ఫలించినదని అప్పుడు నమ్మకంగా చెప్పవచ్చును.